ఉల్లిగడ్డల సంచి

బడి ముందు పడుకునే కుక్కకు కూడా పేరు పెట్టిన పిల్లలు తనకు మాత్రం పెట్టలేదని టీచరు గుల్నార్ దిగులు.

బండలు కోసే ఊరది. మిషన్ల రొదకు ఊరంతా చెవులు మూసుకుంటే, బడి వెనక గదిలోని పిల్లలకు ఆ బాధే లేదు. వాళ్లకు వినపడదు. ఆ రోజుల్లో వాళ్లు పెట్టే పేర్లన్నీ చేతుల్లోనే ఉండేవి. మీసం మెలేస్తే హెడ్మాస్టరు. బుగ్గన సొట్ట చూపిస్తే వంటామె కుళ్లాయమ్మ. గాల్లో చక్రం తిప్పితే ఊరికున్న ఒకే ఒక్క బస్సు. లేని గడ్డం దువ్వుకుంటే యూసుఫ్ బాబా.

బాబా ఫకీరు. వినపడని తల్లికి పుట్టి, మాటకన్నా ముందు సైగ నేర్చినవాడు. గుల్నార్‌కు ఆ భాష నేర్పిందీ ఆయనే. "ఆ గదిలో టీచర్లు నిలవడం లేదు బేటీ, నువ్వు పో" అని పంపిందీ ఆయనే.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం, రేపటి కూరకు కుళ్లాయమ్మ ఉల్లిగడ్డలు వలుస్తుంటే, బాబా వంటగది అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గుల్నార్ వచ్చి నిలబడింది.

"పట్నం బడిలో రమ్మన్నారు బాబా. పోతా."

"మరి వీళ్లకు?"

"ఎవరో ఒకరు వస్తారులే. నేనుండి ఏం చేసేది? ఇంత పాటుపడినా ఒక పేరన్నా పెట్టలేదు నాకు."

"పెట్టలేదని ఎవరన్నారు?"

బాబా దుమ్ములో ఆడుకుంటున్న ఆ గది పిల్ల ఈరమ్మను చేయి ఊపి పిలిచాడు. గుల్నార్‌ను చూపించి, ఈమె ఎవరని సైగ చేశాడు.

ఈరమ్మ టక్కున తన భుజం తట్టుకుంది.

"అరె, ఉందే! నాకు చెప్పనే లేదు దొంగపిల్ల!" అని గుల్నార్ మురిసిపోయింది.

పోయినేడు వచ్చిన సారు పేరేమని బాబా అడిగాడు. ఈరమ్మ అదే భుజం తట్టుకుంది. ఆయనకన్నా ముందు వచ్చిన టీచరమ్మ? మళ్లీ అదే భుజం. ఈ మాత్రం తెలీదా అన్నట్టు చూసి, ఆటకు పరుగెత్తింది.

గుల్నార్ చేయి తన భుజం మీదికి పోయింది. అక్కడ సంచి ఉంది. సాయంత్రం బస్సు తప్పిపోతుందని, పాఠం చెప్పేటప్పుడు కూడా దాన్ని దించేది కాదు.

బాబా ఆ సంచి తీసుకున్నాడు. దువ్వెన, గొడుగు, టిఫిన్ డబ్బా బయటపెట్టి, ఖాళీ సంచిని కుళ్లాయమ్మకు అందించాడు.

"ఉల్లిగడ్డలకు సంచి కావాలంటివే. ఇదో."

"అయ్యో, టీచరమ్మది కదా బాబా! కొత్తది!"

"పాతదేలే. చానామంది మోసినారు."

రోడ్డు మీద బస్సు హారన్ కొట్టింది.

"బాబా, బస్సు..."

"అది రోజూ వస్తుంది బేటీ. అందుకే దానికంటూ ఒక పేరుంది."

హారన్ ఇంకోసారి మోగి, దూరమైంది. గుల్నార్ కొంగు దోపుకుని కుళ్లాయమ్మ పక్కన కూర్చుంది. రెండో ఉల్లిగడ్డకే కళ్లూ ముక్కూ ఏకమై, కొంగు లాగి కళ్లు తుడుచుకుంది. పిల్లలు చుట్టూ మూగి, ఆమెలాగే కళ్లు తుడుచుకుంటూ ఒకటే నవ్వు.

బాబా పోయి చాలా ఏళ్లయింది. ఆ గదికి ఇప్పుడు కొత్త కప్పు వేశారు. ఈరమ్మకు ఇద్దరు పిల్లలు. సంతలో ఎక్కడన్నా గుల్నార్ కనిపిస్తే చాలు, అంత జనంలోనూ అక్కడే ఆగి, కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది.

ఎందుకేడుస్తున్నావమ్మా అని పక్కవాళ్లు కంగారుపడతారు.