మంత్రిగారి పంచె

కోటలో బట్టల గది చూసుకునేది గవరయ్య. అక్కడ పెట్టెకి నాలుగు అరలు. మనిషికో పెట్టె చొప్పున తలపాగా, అంగీ, పంచె సర్ది, నాలుగో అర ఖాళీగా వదిలేవాడు.

"ఇంత చోటు దండగ చేస్తావా? ఖాళీ లేకుండా వరసగా నింపు!" అని మంత్రి కసిరాడు. అలా ఒకరి బట్టల వెంటే ఇంకొకరివి నింపేసరికి మంత్రిగారి పంచె పక్క పెట్టెలోకి పోయింది.

మర్నాడు స్నానం చేసొచ్చిన మంత్రి తలపాగా చుట్టి, అంగీ తొడిగి, "పంచేదిరా? అవతల రాజుగారు వచ్చేస్తున్నారు!" అని అరిచాడు.

"పక్క పెట్టెలో ఉందండి. ఒక పెట్టెని తిరిగి గదిలో పెట్టి తాళం వేశాకే ఇంకోటి బయటికి తియ్యాలని తమరి ఆజ్ఞ కదండీ!"

"అందాకా నేనిలాగే ఉండాలా?"

"ఏం చెయ్యనండీ? ఈ ఖాళీ ఏదో పెట్టెలోనే ఉండుంటే ఎవరికీ కనపడేది కాదు."