నలభై ఒకటో పుట

సత్యవేణికి తన తరగతిలో మనసు నిలవడం లేదు.

గోదావరి గట్టు మీది సంస్కృత కళాశాలలో ఆమె తర్కశాస్త్రం చదువుతోంది. శాస్త్రి డిగ్రీలో చివరి ఏడాది. అది అయ్యాక మరో రెండేళ్ళు ఆచార్య చదవాలి. ఆచార్య తరగతి సరిగ్గా వాళ్ళ గది పైన, మేడ మీద జరిగేది. అక్కడ విశ్వపతిగారు పాఠం చెబుతుంటే ఆ గొంతు కిటికీలోంచి కిందికి వచ్చేది. మాటలు తెలిసేవి కావు. వాక్యం చివర ఆయన ఆగడం మాత్రం తెలిసేది. ఆగిన చోట ఏం చెప్పారో అనుకుంటూ సత్యవేణి కలం పట్టుకుని కూర్చుండిపోయేది. ఎదురుగా ఆమె పాఠం ఆమె లేకుండానే జరిగిపోయేది.

మోరి అనే ఊళ్ళో నేతపని చేసుకునే ఇంటి పిల్ల ఆమె. పదో తరగతి అయిన వేసవిలో ఊళ్ళో ఒక సభ జరిగింది. విశ్వపతిగారు పాత భాష్యంలోని ఒకే ఒక్క వాక్యం మీద గంటసేపు మాట్లాడారు. ఆమెకి సగం కూడా అర్థం కాలేదు. ఇంటికొచ్చి నాన్నతో, "నేను ఆయన దగ్గర చదువుకుంటాను" అంది.

"ఏం చదువు?" అన్నాడాయన మగ్గం ఆపకుండానే.

"తెలీదు నాన్నా. ఆయన చెప్పేది."

ఆ భాష్యం ఆచార్యలోకి వెళితేగాని చెప్పరు. ఐదేళ్ళుగా ఆమె దానికోసమే ఎదురుచూస్తోంది.

ఆ ఏడాది శ్రావణంలో ఒక కబురు తెలిసింది. వచ్చే చైత్రంలో విశ్వపతిగారు ఉద్యోగం మానేసి తుంగభద్ర ఒడ్డున ఒక మఠంలో సన్యాసం తీసుకుంటారట. ఆ తర్వాత ఆయనకి ఈ ఊరు ఉండదు. ఈ పేరు కూడా ఉండదు.

అదే వారం నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. శాస్త్రి చివరి ఏడాది వాళ్ళు ఆచార్యలోని ఒక పాఠాన్ని ముందే మొదలుపెట్టవచ్చు. ఆ పాఠం చెప్పే గురువు ఒప్పుకుని సంతకం పెట్టాలి.

సత్యవేణి ఆ సాయంత్రమే దరఖాస్తు రాసి పట్టుకెళ్ళింది. విశ్వపతిగారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"ఎందుకమ్మా?"

"ఈ ఏడాది పుస్తకాలన్నీ వేసవిలోనే చదివేశాను గురువుగారూ. కింది తరగతిలో నాకు కొత్తగా వినేదేం లేదు."

ఆయన కాగితం మడిచి ఆమెకి ఇచ్చేశారు.

"ఈ కారణానికి నేను సంతకం పెట్టను."

మూడు రోజులు ఆమె ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని ఆయనింటికి వెళ్ళింది. ఆయన భార్య పోయి చాలాకాలమైంది, వంట ఆయనే చేసుకుంటారు. వరండాలో చాట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. ఆమె మెట్టు మీదే నిలబడింది.

"మొన్న నేను చెప్పింది కారణం కాదు గురువుగారూ."

ఆయన తలెత్తారు.

"కిందినుంచి మీ గొంతు వినపడుతుంది, మాటలు వినపడవు. వచ్చే ఏడు గొంతు కూడా వినపడదు. ఆ భాష్యం మొత్తం మీ నోట వినాలి. ఇంకేం లేదు."

ఆయన చాట పక్కకి జరిపి, చేతులు పంచెకి తుడుచుకుని, కలం కోసం చెయ్యి చాపారు.

"దీనికి పెడతాను."

భాష్యం నూట అరవై పుటలు. సెలవులు తీసేసి చూసుకుంది. రోజుకో పుటైనా ఉగాదిలోగా అయిపోతుంది. ఆ రాత్రి ఆమెకి హాయిగా నిద్రపట్టింది.

మేడ మీద గదిలో మరొక్కడే విద్యార్థి ఉన్నాడు. పేరు వరదయ్య. నలభై అయిదేళ్ళవాడు. గుడి వంటశాలలో వంట చేస్తాడు. పొద్దుటి నైవేద్యం అయ్యాక, వేళ్ళకి పసుపు మరకలతో పరుగున వస్తాడు. మధ్యాహ్నం ఆరగింపు వేళకి మళ్ళీ పరుగున వెళతాడు.

మొదటి పుటకి పదకొండు రోజులు పట్టింది. అందులో తొమ్మిది రోజులు వరదయ్య ప్రశ్నలకే పోయాయి. రెండో పుట ఇంకా ఆలస్యమైంది. సత్యవేణి పళ్ళు బిగపట్టుకుని కూర్చునేది.

ఒకరోజు అభావం గురించిన భాగం వచ్చింది. ఖాళీ నేలని చూసి 'ఇక్కడ కుండ లేదు' అంటాం. ఆ లేకపోవడం కూడా నేల మీద ఉన్నదే, కంటికి కనపడేదే అంటుంది శాస్త్రం. విశ్వపతిగారు ఆ మాట చెప్పి ఆగగానే వరదయ్య చేతులు జోడించాడు.

"గురువుగారూ, మా వంటశాలలో పోపులపెట్టె ఎప్పుడూ ఒకే గూట్లో ఉంటుంది. అది లేకపోతే నాకు గుమ్మంలోంచే తెలిసిపోతుంది. మొన్న కొత్తగా చేరినాయనకి ఖాళీ గూడే కనపడింది. కళ్ళు ఇద్దరికీ ఉన్నాయి కదా. మరి ఆ లేకపోవడం గూట్లో ఉందాండి, నాలో ఉందాండి?"

సత్యవేణికి సహనం పోయింది.

"ఇది శాస్త్రి మొదటి ఏడాది పాఠం వరదయ్యగారూ! ఇక్కడ దీనికి కాలం ఖర్చు చేస్తే భాష్యం ఎప్పటికవుతుంది?"

వరదయ్య తలదించుకున్నాడు. విశ్వపతిగారు పుస్తకం మూశారు.

"అయితే నువ్వు చెప్పమ్మా."

ఆమె తడుముకోకుండా చెప్పింది. "దేని అభావమో ఆ వస్తువు ముందు తెలిసి ఉండాలి. కొత్తాయనకి పెట్టె తెలీదు, అందుకని కనపడలేదు. తెలియడం చూడడానికే కావాలి. లేకపోవడం మాత్రం గూట్లోనే ఉంది."

"బాగుందమ్మా," అన్నాడు వరదయ్య నిజంగా సంతోషించి. కాస్త ఆగి మళ్ళీ అన్నాడు. "అలాగైతే ఎవరూ ఎరగని వస్తువులు కూడా ఆ గూట్లో లేవు కదమ్మా. వాటి లేకపోవడాలు కూడా అక్కడ ఉన్నట్టేనా? అంత చిన్న గూట్లో అన్నీనా?"

సత్యవేణి నోరు తెరిచింది. చెప్పడానికి ఏదో ఉందనిపించింది. అది మాటల్లోకి రాలేదు. గంట మోగేదాకా విశ్వపతిగారు ఆమె జవాబు కోసం అలాగే కూర్చున్నారు.

మర్నాడు ఆయన పుస్తకం తెరవలేదు. "చెప్పమ్మా" అన్నారు. ఆమె కిందటి ఏళ్ళ పుస్తకాలన్నీ తిరగేసి వచ్చింది. ఒక సూత్రం చెప్పింది. అది ప్రశ్నకి అటుపక్కగా పోయిందని చెబుతుండగానే ఆమెకే తెలిసింది. ఆ రోజూ అలాగే గడిచింది.

మూడో రోజు ఆమె లేచి నిలబడింది.

"నాకు తెలీదు గురువుగారూ. తెలుసనుకున్నాను."

విశ్వపతిగారు పుస్తకం తెరిచారు.

"సరే. ఇక ముగ్గురం కలిసి చదువుదాం."

అప్పటినుంచి ఆమె కూడా అడగడం మొదలుపెట్టింది. కొన్నిసార్లు ఆమె ప్రశ్నకే మూడు రోజులు పోయేవి. పాఠం జరుగుతున్నంతసేపూ బాగానే ఉండేది. మెట్లు దిగుతూ మిగిలిన పుటలు లెక్కపెట్టుకునేది. మాఘం వచ్చింది. నీళ్ళు తగ్గి గోదావరిలో ఇసుక మేటలు తేలాయి. వాళ్ళు ముప్పయ్యో పుటలో ఉన్నారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. "గురువుగారూ, మిగిలిన వాటిలో ముఖ్యమైనవి ఏరి చెప్పకూడదా?"

"ఏవి ముఖ్యమైనవో నాకింకా తెలీదమ్మా," అన్నారాయన.

ఫాల్గుణం చివరి వారంలో ఆఖరి పాఠం జరిగింది. నలభై ఒకటో పుట. ఒక పొడుగాటి వాక్యం సగంలో ఉండగా గుడిలో ఆరగింపు గంట మోగింది. వరదయ్య సాష్టాంగపడి లేచాడు. కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సత్యవేణి లేవలేదు.

"వాక్యం పూర్తి కాలేదు గురువుగారూ."

"అవును."

"మొత్తం మీ నోట వినాలనే ఏడాది ముందుగా వచ్చాను. నూట అరవైలో నలభై ఒకటి."

ఆయన తన ముందున్న పుస్తకాన్ని తిప్పి ఆమె వైపు జరిపారు.

ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని విన్నదే గాని ఆ పుస్తకం లోపల ఆమె ఎప్పుడూ చూడలేదు. మొదటి పుటల్లో అంచుల నిండా సన్నటి అక్షరాలున్నాయి. కుర్రతనపు దస్తూరి.

"మా గురువుగారి మాటలు. నేనూ నీలాగే ముందుగా వచ్చి కూర్చున్నవాణ్ణే. ఆయన చెబుతుంటే రాసుకున్నాను."

ఆమె ఒక్కొక్క కాగితమే తిప్పింది. ఇరవై రెండో పుటలో సగం దాకా ఆ రాత ఉంది. అక్కడితో ఆగిపోయింది.

"ఆ మర్నాడు పాఠానికి ఆయన రాలేదు," అన్నారు విశ్వపతిగారు. "పొద్దున్నే పోయారు."

ఆమె తర్వాతి పుట తిప్పింది. అక్కడా అంచుల నిండా రాతే. ఆ తర్వాత కూడా. ఏళ్ళు మారినకొద్దీ దస్తూరి మారింది, సిరాలు మారాయి. ప్రతి రాతలోనూ ఒకే పిలుపు ఉంది. 'గురువుగారూ, ఇక్కడ ఈ పదం మళ్ళీ ఎందుకు వచ్చింది?' దాని కింద వేరే సిరాతో, 'అర్థమైంది గురువుగారూ.' ఆ కింద ఇంకో సిరాతో, 'లేదు గురువుగారూ, కాలేదు.'

నూట అరవయ్యో పుట దాకా అలాగే ఉంది. చివరి పుటలో పెన్సిలు రాత ఇంకా కొత్తగా మెరుస్తోంది.

సత్యవేణి చాలాసేపు చదివింది. పుస్తకం మూసి, కళ్ళకద్దుకుని, రెండు చేతులతో ఆయనకి అందించింది.

విశ్వపతిగారు దాన్ని పక్కన పెట్టి ఆమె పుస్తకం అందుకున్నారు. నలభై ఒకటో పుట తీసి, దాని తెల్లటి అంచుని బొటనవేలితో మెల్లగా నిమిరారు.

"నీ పుస్తకానికి అంచులు బాగా వెడల్పుగా ఉన్నాయమ్మా," అన్నారు.