మొదటి మలుపు దాకా

అబ్బులు మాస్టారి షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. బ్రేకు పని ఎవరు చేస్తే వాళ్ళు ఆ బండి వెనక సీటు మీద కూర్చుని, ఘాటీ మొదటి మలుపు దాకా వెళ్ళాలి. నడిపేది బండి సొంతదారే. మలుపు దగ్గర దిగిపోయి, నడుచుకుంటూ వెనక్కి రావాలి. షెడ్డు ఉన్నది లంబసింగి దాటాక, నర్సీపట్నం వైపు దిగుడు మొదలయ్యే చోట. అందుకని ఆ ఆనవాయితీ ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ ఉదయం నీలవేణి అడిగింది వేరే ప్రశ్న.

"మాస్టారూ, కన్నబిడ్డని ఎంతవరకు పట్టుకోవాలి? ఎంతవరకు వదలాలి?"

పంక్చర్లు వేసే భర్త పోయాక నీలవేణి మాస్టారి దగ్గర చేరి పని నేర్చుకుంది. కొడుకు దినకర్ నర్సీపట్నంలో మందుల ఏజెన్సీలో పనిచేస్తాడు. కిందటి నెల దిగుడులో వాడి బండి బ్రేకు లీవరు చేతిలో మెత్తగా అణిగిపోయింది. బండిని గట్టుకేసి రాసి ఆపుకున్నాడు. మోచేతి మీద చర్మం ఊడింది, అంతే. నీలవేణి మాత్రం ఆ రోజు నుంచీ వాడిని బండి ఎక్కనివ్వలేదు. చిట్లిన బ్రేకు ఆయిలు పైపు విప్పి పారేసింది. కొత్తది వేయలేదు. బండి తాళం నడుముకు దోపుకుంది. జీపుల కోసం కాచుకుని కొడుకు రోజూ ఆలస్యంగా పోతున్నాడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని ఏజెన్సీ ఆయన చెప్పేశాడు.

"బండి నాదో మా అమ్మదో తెలీటం లేదు మాస్టారూ," అన్నాడు దినకర్, గుమ్మంలో నిలబడి. "ఇవాళ కూడా జీపే దిక్కంటే నా పని పోయినట్టే."

"ఆ మేకపోతు కొమ్ములు పెట్టించినప్పుడు ఎవరినడిగావురా?" అన్నారు మాస్టారు, వాడు కంపెనీది తీయించి పెట్టించుకున్న పొడుగు హేండిలు వైపు చూసి.

దినకర్ నవ్వేశాడు. నీలవేణి నవ్వలేదు. ఆయన ఆమె వైపు తిరిగి, "ముందు పైపు వెయ్యి," అన్నారు.

ఆమె ఆ బండికి కంపెనీ ఇచ్చే కొలత పైపే తీసింది. పాత రాగి వాషర్లు పక్కన పడేసి కొత్తవి పెట్టింది. పైపు పైనుంచి కిందికి బిగువుగా, ఎక్కడా వేలాడకుండా కూర్చుంది. అది చూశాక ఆమె మనసు కాస్త కుదుటపడింది. ఆయిలు డబ్బా అందుకోబోతుంటే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

హేండిలుని ఒక పక్కకి పూర్తిగా తిప్పారు. బాగానే ఉంది. రెండో పక్కకి తిప్పారు. సగం తిరిగేసరికి పైపు తీగలా బిగుసుకుంది. ఇంకాస్త తిప్పితే పై జాయింటు దగ్గర మెడ విరిచినట్టు వంగింది. నీలవేణి అక్కడ వేలు పెట్టి చూసింది. పాత పైపు చిట్లింది సరిగ్గా అక్కడే.

"పాతబడి పోయిందనుకున్నాను," అంది.

"ఈ కొమ్ములు తిన్నగా ఉన్నప్పుడు సరిపోయిందిగా మరి," అన్నారాయన.

ఆమె లేచి, గోడకి వేలాడే పైపుల్లో అన్నిటికంటే పొడుగుది తెచ్చి పెట్టింది. ఎటు తిప్పినా లాగలేదు. "హమ్మయ్య, ఇంక గొడవే లేదు," అన్నాడు దినకర్. మాస్టారు వాడిని బండెక్కించి, బరువంతా హేండిలు మీద వెయ్యమన్నారు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కిందికి దిగింది. వదులుగా వేలాడుతున్న పైపు వెళ్ళి టైరుకి ఆనింది. తిరిగే చక్రం దాన్ని ఏం చేస్తుందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈసారి నీలవేణి తొందరపడలేదు. ఆ రెంటికీ మధ్య కొలత పైపు తెచ్చి, హేండిలుని తనే ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పింది. కొడుకుని వంగమంది, లెమ్మంది. పైపు టైరు వైపు పోకుండా క్లిప్పు పెట్టింది, కదలడానికి చోటుంచింది. ఆయిలు పోసి, పైపులోని గాలి బుడగలన్నీ బయటికి తీసింది. లీవరు గట్టిపడింది. నొక్కి పట్టుకుని, జాయింట్లను పొడిగుడ్డతో తుడిచి చూసింది. తడి లేదు.

నడుము నుంచి తాళం తీసి కొడుకు చేతికిచ్చి, "ముందు ఈ చదును మీదే," అంది.

దినకర్ షెడ్డు ముందు మెల్లగా నడిపి ఆపాడు. మళ్ళీ నడిపి ఆపాడు. ఆపిన ప్రతిసారీ ఆమె వంగి జాయింట్లను మళ్ళీ తడిమి చూసింది.

"ఎక్కమ్మా," అన్నాడు దినకర్. "ఆనవాయితీ నీకూ ఉందిగా."

ఆమె ఎక్కింది. దారంతా వాడి భుజం వదల్లేదు. మొదటి మలుపు దగ్గర వాడు లీవరు నొక్కాడు. బండి నెమ్మదిగా నిలబడింది. కింద మంచులో రోడ్డు ఒక్కో వంపూ తిరుగుతూ పోతోంది. ఆమె దిగలేదు. వాడూ దిగమనలేదు. ఇంజను ఆపకుండా ఊరికే కూర్చున్నాడు.

చివరికి తనే దిగింది. వాడి హెల్మెట్ పట్టీ సరిచేసింది. బండి చప్పుడు వినిపించినంతసేపూ అక్కడే నిలబడి, తర్వాత నడిచి వచ్చింది.

మాస్టారు మిగిలిన పైపుల్ని గోడకి తగిలిస్తున్నారు.

"మొదటి మలుపు దాకానేనా మాస్టారూ?" అంది నీలవేణి. "కింద ఇంకా చాలా ఉన్నాయి."

"ఉన్నాయి," అన్నారాయన, వెనక్కి తిరక్కుండానే. "వాటికోసమే కదమ్మా, హేండిలు పూర్తిగా తిప్పి కొలిచావు."