గంగిరెద్దు తల ఊపింది

నల్లరాళ్ల కొండ కింద మనుషులు ఎప్పుడో వదిలేసిపోయిన రాతి క్వారీ ఉంది. దాని పక్కన ఒక రేకుల షెడ్డు. ఆ ఏడు అడవి మొత్తాన్ని దగ్గు జ్వరం పట్టుకోవడంతో ఆ షెడ్డే ఆసుపత్రి అయింది. డాక్టరు ఎలుగుబంటి. దానికి కోపం ఎక్కువ, నిద్ర తక్కువ. జావ గిన్నెలూ మందు కుండలూ మోసే పని గాడిద ఓబయ్యది. లోపల రోగుల పక్కన ఉండే పని నల్లగౌరి అనే గేదెది.

నల్లగౌరి ఆ పనికి ఎలా కుదిరిందంటే, మొదటి రోజు డాక్టరు "ఎవరో ఒకరు లోపలికి రావాలి" అనగానే అందరూ వెనక్కి జరిగారు. గేదె కదా, జరగడం కాస్త ఆలస్యమైంది. అంతే, నర్సు అయిపోయింది. అయ్యాక మాత్రం మనసు పెట్టి చేసింది.

మూతికి చిక్కం, చిక్కం నిండా వేపాకు, ఒంటి మీద సున్నపు నీళ్లు. ఇలా పదకొండు రోజులు గడిచాయి. షెడ్డు ముందు సున్నంతో ఒక గీత గీశారు. లోపల పనిచేసినవాళ్లు గీత ఇవతలికి వచ్చి మూడు రోజులు విడిగా ఉండి, జ్వరం లేదని తేలాకే ఇంటికి పోవాలి. ఇంటి దగ్గర నల్లగౌరికి నాలుగు నెలల దూడ ఉంది. అది పక్కింటి గేదె దగ్గర పాలు తాగుతోందని కబురొచ్చింది. ఆ రోజు నల్లగౌరికి మేత సహించలేదు.

పన్నెండో రోజు పొద్దున్నే నక్క జంబులింగం ఒక వింత సరుకును తోసుకుంటూ వచ్చింది. తాబేలు ఆకారం, నాలుగు చక్రాలు, వీపు మీద పళ్లెం, నుదుట ఒక దీపం.

"ఇదేంటి లింగం?" అంది ఓబయ్య.

"మరతాబేలు! పట్నం ఆసుపత్రుల్లో ఇలాంటివే తిరుగుతున్నాయి. ఎండే దీనికి మేత. జావ మోస్తుంది, నేల మీద సున్నపు నీళ్లు చల్లుతుంది. దీనికి జ్వరం రాదు, దగ్గు రాదు. రోగిని పలకరిస్తుంది కూడా!" అని నక్క వెనక ఉన్న మీట నొక్కింది.

"ఎలా ఉన్నారు? బాగుంటే తల ఊపండి," అంది మరతాబేలు మెత్తగా.

చూద్దామని ఎలుగు డాక్టరు తల ఊపింది. నుదుటి దీపం ఆకుపచ్చగా వెలిగింది. "బాగున్నారు. సంతోషం."

"చూశారుగా డాక్టరుగారూ! దీపం పచ్చగా వెలిగి, గిన్నె ఖాళీగా తిరిగొస్తే రోగి కోలుకుంటున్నట్టే. ఇక లోపలికి ఎవరూ పోనక్కర్లేదు. నడిపించడానికి నేనొక్కణ్ణి చాలు. నాకేమీ వద్దు. ఇదంతా సేవ."

నక్క నోట సేవ అనే మాట విని ఓబయ్య చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి. "మోత అది మోస్తే నేనేం చెయ్యాలి? మళ్లీ ఇటుకల బట్టీకేనా?" అంది.

"నీ వీపు మీద పుళ్లు ఎప్పుడైనా చూసుకున్నావా? ముందు అవి మాననీ," అని కసిరి, డాక్టరు గేదె వైపు తిరిగింది. "లోపల ఉండేదానివి నువ్వు. నువ్వేమంటావు గౌరీ?"

"మొయ్యనివ్వండి డాక్టరుగారూ. గిన్నెలు మొయ్యడానికి ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎందుకు? కాకపోతే ఆ పలకరింపు..." అని నల్లగౌరి ఆగిపోయింది. పలకరింపు యంత్రం వల్ల కాదంటే, మళ్లీ లోపలికి పోవలసింది తనే. దూడ కళ్లలో మెదిలింది. మిగతా మాట మింగేసింది.

"అయితే గీత ఇవతలికి వచ్చెయ్. మూడు రోజులు చూసి ఇంటికి పో," అంది డాక్టరు.

లోపల ఆరుగురు రోగులు. వాళ్లలో పెద్దది బసవయ్య అనే గంగిరెద్దు. ఇరవై ఏళ్లు సన్నాయి వెంట ఇల్లిల్లూ తిరిగి ఆడి, ముసలితనంలో అడవి చేరింది. దాని మెడలో మువ్వల పట్టెడ ఇంకా అలాగే ఉంది. అది నెమరు వేస్తుంటే మువ్వలు సన్నగా, ఆగకుండా మోగుతాయి. ఆ చప్పుడు వింటూనే నల్లగౌరి పదకొండు రోజులు పనిచేసింది.

మొదటి రోజు అంతా సవ్యంగానే ఉన్నట్టుంది. మరతాబేలు నిండు గిన్నెలతో లోపలికి పోయేది, దీపం పచ్చగా వెలిగేది, నక్క వాకిలి దగ్గర దాన్ని అందుకుని ఖాళీ గిన్నెలు తెచ్చి డాక్టరుకు చూపించేది. రెండో రోజూ అంతే. డాక్టరు చాలా కాలానికి ఒక పూట కంటినిండా నిద్రపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం నల్లగౌరి గీత దగ్గర నిలబడి చెవి ఒగ్గింది. లోపల "ఎలా ఉన్నారు?" అని వినిపించింది. మువ్వలు ఒక్కసారి ఘల్లుమన్నాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఎంతసేపు విన్నా లేదు.

"లింగం, బసవయ్య తాత జావ తాగుతున్నాడా?"

"ఇదిగో చూడు, గిన్నె కడిగినట్టుంది!" అంది నక్క.

నిజంగానే అలా ఉంది. నల్లగౌరి మాత్రం ఓబయ్యను దూరం నుంచే పిలిచి, "కడుపులో మేత పడ్డ ఎద్దు నెమరు వెయ్యకుండా ఉంటుందా? నిన్నటి నుంచి ఆ నెమరు మువ్వలు మోగలేదురా," అంది.

"సాయంత్రానికి నీ మూడు రోజులూ అయిపోతాయి అక్కా. ఇప్పుడు గీత దాటావంటే మళ్లీ మొదటికొస్తుంది," అంది ఓబయ్య. ఆ మాట నిజం. అవతల ఇంటి దారి కనబడుతూనే ఉంది. నల్లగౌరి దాని వంక ఒకసారి చూసి, చిక్కం తగిలించుకుని గీత దాటింది.

బసవయ్య గోడవారన పడి ఉంది. ముట్టె ఎండిపోయింది. డొక్కలు లోపలికి పోయాయి. చెవి మొదట్లో ముట్టుకుంటే కాలిపోతోంది.

"తాతా, జావ తాగావా?"

ఎద్దు తల ఊపింది. ఘల్లుమంది.

"తాగలేదా?"

దానికీ ఊపింది.

"నేను నక్కనా?"

దానికీ ఊపింది.

నల్లగౌరికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పక్కనే చతికిలబడి, "తల కాదు తాతా, నోరు విప్పి చెప్పు. ఏమైంది?" అంది.

మరతాబేలు మళ్లీ వచ్చి, "ఎలా ఉన్నారు?" అంది.

"కాస్త ఆగు తల్లీ," అంది నల్లగౌరి.

చాలాసేపటికి బసవయ్య నోరు విప్పింది. "గొంతు మంటమ్మా. మింగలేకపోతున్నా. గిన్నెలో మూతి పెడతాను, తీసేస్తాను. అది అడుగుతుంది, నేను తల ఊపుతాను. ఇరవై ఏళ్లు ఇదేగా నా బతుకు. అమ్మగారికి దండం పెట్టమంటే ఊపాలి, అయ్యగారు చల్లగా ఉండాలా అంటే ఊపాలి. కాదని చెప్పడం నాకెవరూ నేర్పలేదు."

తను రెండు రోజుల కిందట మింగేసిన మాట నల్లగౌరికి అప్పుడు గొంతుకు అడ్డం పడింది. గోరువెచ్చని గంజి తెప్పించి, గడ్డి కుచ్చు ముంచి, ముసలి ఎద్దు నాలుక మీద చుక్క చుక్కగా వేసింది.

గంజి కోసం వచ్చిన కబురుతో సంగతి తెలిసి, బయట ఎలుగు డాక్టరు నక్కను నిలదీసింది. "ఎద్దు తాగలేదు. మరి గిన్నె ఎలా ఖాళీ అయింది? నీ మీసాలకు ఆ జావ ఏమిటి?"

"దొంగతనం కాదు డాక్టరుగారూ, మీ మీద ఒట్టు! నిండు గిన్నె నేను ముట్టలేదు. లోపలికి పోయి తిరిగొచ్చినదే తాగాను. వాళ్లు మూతి పెట్టి వదిలేసిందే. వృథా పోతుందని..."

డాక్టరు నాలుగడుగులు వెనక్కి వేసింది. "రోగులు మూతి పెట్టిన గిన్నెలు నాకావా? మూడు రోజులూ?"

నక్క ఏదో చెప్పబోయింది. మాటకు బదులు దగ్గు వచ్చింది.

ఆ పూటే జంబులింగాన్ని లోపల పడుకోబెట్టారు. ఓబయ్య మరతాబేలును క్వారీ గోతిలోకి తోసేస్తానంటే నల్లగౌరే వద్దంది. "దాని తప్పేముంది? అది అడిగింది, తాత ఊపాడు. మోత దాన్నే మొయ్యనీ. నాకు రోగి పక్కన కూర్చునే తీరిక దొరుకుతుంది." నడిపించే పని ఓబయ్యకు అప్పగించారు. వీపు మీద పుళ్లు మానడం మొదలయ్యాక గాడిదకు ఆ యంత్రం మీద కోపం కూడా తగ్గింది.

మరో అయిదు రోజులకు షెడ్డులో మువ్వలు సన్నగా, ఆగకుండా మోగాయి. ఆ సాయంత్రం ఎవరో దూడను తెచ్చి గీతకు దూరంగా నిలబెట్టారు. అది అరిచింది. నల్లగౌరి ఇటు నుంచి అరిచింది. ఆ రోజుకు అంతే దక్కింది, దానికే గేదె కళ్లు తడిశాయి.

మర్నాడు మధ్యాహ్నం మరతాబేలు నక్క పక్క దగ్గర ఆగింది. "ఎలా ఉన్నారు? బాగుంటే తల ఊపండి."

చలిజ్వరంతో నక్క ఒళ్లంతా వణుకుతోంది. తల దానంతట అదే ఊగింది. దీపం ఆకుపచ్చగా వెలిగింది.

"బాగున్నారు. సంతోషం."

"బాగోలేదు! చచ్చిపోతున్నాను! గౌరమ్మా, ఓ గౌరమ్మా! దీని మాట నమ్మకు, ఒకసారి వచ్చి నన్ను చూడు తల్లీ!" అని జంబులింగం గొంతు చించుకుంది.

"వస్తున్నాను," అంది నల్లగౌరి, చిక్కం సరిచేసుకుని గంజి గిన్నె పట్టుకుని.

ఎలా ఉన్నావని అడగడం యంత్రానికీ వచ్చు. వచ్చిన జవాబు నిజమో కాదో తెలియాలంటే పక్కన ఒక ప్రాణి కూర్చోవాలి.