వకుళ తీసిన డేగ ఫొటో

అనగనగా రాళ్ళగుట్టల పక్కన ఒక ఊరుందిట, తల్లీ. ఆ ఊళ్ళో వకుళ అని ఒకమ్మాయి. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసేది. కాలు ఒకచోట నిలిచేది కాదు. కూర్చుంటే లేచేది, లేస్తే నడిచేది.

ఆ ఊరి చివర తుమ్మచెట్టు మీద ఒక చిన్న డేగ గూడు పెట్టింది. పావురమంత పిట్ట, కళ్ళు మాత్రం నిప్పుకణికలు. వకుళకి అదంటే ప్రాణం.

ఒకరోజు పక్కింటి నరసాయమ్మ దోటి పట్టుకుని బయల్దేరింది. "నా కోడిపిల్లల్ని ఎత్తుకుపోతోందే ఆ డేగ! గూడు లాగి పడేస్తాను" అంది.

"అయ్యో పెద్దమ్మా, అది తొండల్ని తింటుంది. ఫొటో తీసి చూపిస్తానుండు" అని వకుళ అడ్డుపడింది.

"సరే, అందాకా ఆగుతాను" అని నరసాయమ్మ దోటి గోడకి చేరేసింది.

అప్పుడు వకుళ కెమెరా పట్టుకుని పొదచాటున కూర్చుంది. డేగ వచ్చింది. వకుళకి కాలు తిమ్మిరెక్కి కాస్త జరిగింది. ఎండుటాకులు గలగలమన్నాయి. డేగ తుర్రుమంది.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళింది. ఈసారి గండుచీమ కుట్టింది. "అమ్మో!" అంది. అంతే, డేగ లేదు. ఇంటికొస్తే అన్నం సయించలేదు, చూపంతా ఆ దోటి మీదే.

మూడోసారి వెళ్ళింది. చెమట కళ్ళలోకి దిగినా తుడుచుకోలేదు. గుండె గంతులేస్తున్నా చెయ్యి కదలనివ్వలేదు. అప్పుడు రివ్వున వచ్చి గూటి మీద వాలింది డేగ. కెమెరా టిక్కుమంది.

తీరా చూస్తే ఏముంది? డేగ కాళ్ళ మధ్య పచ్చటి కోడిపిల్ల!

చూపిస్తే గూడు పోతుంది. చెరిపేస్తే ఎవరికి తెలుస్తుంది? వకుళ వీధి ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది. చెరపబోయింది, వేలు రాలేదు. ఆఖరికి నరసాయమ్మ అరుగు మీదికే వెళ్ళి కెమెరా చేతిలో పెట్టింది.

"నువ్వన్నదే నిజం పెద్దమ్మా" అంది.

నరసాయమ్మ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. "ఈ తెల్లటివి ఏంటే?"

"దాని పిల్లలు."

"ఎంతేసి నోళ్ళు తెరిచాయే!"

ఆవిడ లేచి దోటి అందుకుంది.

నరసాయమ్మ దోటిని తీసుకెళ్ళి చూరులో దూర్చేసింది. ఆ తర్వాత పెద్ద గంప తెచ్చి, మిగిలిన కోడిపిల్లల మీద బోర్లించింది.

"ఆ డేగపిల్లలకి రెక్కలొచ్చేదాకా ఇవి ఇక్కడే ఉంటాయి" అని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని అరుగు మీద చతికిలబడింది. "ఏదీ, ఆ పిల్లల్ని ఇంకోసారి చూపించు."

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
నువ్వేమో నా చెంతకి.