లింగప్ప గీసిన పటం

"ఇంత గొప్ప పనిని వాగుల కలపాలంటే మనసెట్ల ఒప్పుతది గురువుగారూ?" అని సుదర్శనం అడిగినప్పుడు, పటాలు గీసే ఎల్లాద్రయ్య తల ఎత్తలేదు. ప్రశ్నకు జవాబు చెప్పడం ఆయనకు మొదటి నుంచీ అలవాటు లేదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగిస్తాడు. మా ఊళ్లో ఆయన్ని ప్రశ్నలడిగేవాళ్లు తగ్గిపోయింది అందుకే.

సుదర్శనం కంగారు ఊరికే వచ్చింది కాదు. నూట యాభై ఏళ్ల కిందట ఈ ఊళ్లో బతికిన చిత్రకారుడు లింగప్ప పేరు మీద బస్టాండు ముందు శిలాఫలకం నిలబెట్టారు. బుధవారం ఆవిష్కరణ. రాయి పక్కన అద్దాల పెట్టెలో లింగప్ప గీసిన పటం ఒక్కటైనా ఉండాలన్నారు కమిటీవాళ్లు. తెచ్చిపెడతానని సుదర్శనం తొందరపడి మాటిచ్చేశాడు. మిగిలి ఉన్నది ఒకే ఒక్క పటం. ముప్పై మూరల గుడ్డ. అది కథలు చెప్పే ఓదేలుది. అతని ముత్తాత కాలం నుంచీ దాన్ని వేలాడదీసి ఊరూరా కథ చెబుతున్నారు. రంగు రాలిపోతోందని, దాన్ని చూసి అచ్చం అలాంటిదే కొత్తది గీసిపెట్టమన్నాడు ఓదేలు. సుదర్శనమే ఐదు నెలలు కూర్చుని గీశాడు. కొత్తది చేతికందిన రోజున పాతదానికి కొబ్బరికాయ కొట్టి, మనిషిని సాగనంపినట్టు నీళ్లలో వదలడం వాళ్ల ఆచారం. ఆ రోజు ఇవాళే. ఓదేలు కొబ్బరికాయ పట్టుకుని గడపలో కూర్చున్నాడు.

"పొద్దు వాలకముందే పోవాలె బాపూ" అన్నాడు, మెల్లగానే.

ఎల్లాద్రయ్య కుంచె కడిగి పక్కన పెట్టాడు. "లింగప్ప తప్ప ఇంకొకరు గీయలేని గీత ఆ పటంల ఒక్కటి చూపెట్టు సుదర్శనం. చూపెడితే, వాగుకు పోవద్దని ఓదేలును నేనే బతిమాలుత."

సుదర్శనం పాత పటం పరిచి మోకాళ్ల మీద వంగాడు. కనుబొమ్మ వంపు చూపించబోయి ఆగిపోయాడు. గురువుగారూ దాన్ని అలాగే తిప్పుతారు. నెమలి మెడ, చీర కుచ్చెళ్లు, నాగలి పట్టిన రైతు నడుము, ఏది చూసినా తనకూ వచ్చిన గీతే. గడప మీది ఎండ గోడెక్కింది. ఓదేలు లేచి నిలబడ్డాడు. కమిటీ ముందు మాట పోతుందన్న భయం ఎప్పుడో వెనకబడింది. రేపటి నుంచి ఈ పటం ఉండదన్న భయమే సుదర్శనానికి ఊపిరాడనివ్వడం లేదు. ఇరవయ్యో మూర దగ్గర అతను ఒక్కసారిగా అరిచాడు.

"దొరికింది! ఈ రథం చూడండి. రెండు గుర్రాలకు తొమ్మిది కాళ్లున్నయి. పొరపాటున గీసిండు. ఈ తప్పు ఇంకెవరు చేస్తరు గురువుగారూ, ఇది లింగప్పదే!" అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎల్లాద్రయ్య వంగి చూశాడు. నిజమే, తొమ్మిది. ఆయన లోపలికి వెళ్లి కొత్త పటం తెచ్చి, అదే రథం దాకా విప్పి, పాతదాని పక్కన పరిచాడు. సుదర్శనం తను గీసిన గుర్రాల కాళ్లు వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఇక్కడా తొమ్మిదే. ఐదు నెలల్లో ఒక్కసారైనా అతనికి ఆ సంగతి తట్టలేదు.

"బాపూ, పొద్దు..." అన్నాడు ఓదేలు.

ఎల్లాద్రయ్య శిష్యుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ రెండిట్ల లింగప్ప లేని పటమేదో చూసి, వాగుల వదలనీకి ఓదేలు చేతికియ్యి."