ఉడుత కోయించిన లిల్లీ ఆకులు

కొండవాలులో చింతచెట్టు తొర్రలో ఉండే ఉడుతకి ఆ చెట్టు పక్కనే నాలుగు మళ్ల లిల్లీ తోట ఉండేది. ఆ ఏడు పూలు విరగబూసి, వాడి, రాలిపోయాయి. సీతాకోకచిలుకలు ఇక ఇటు తొంగిచూడలేదు. ఉడుతకి మాత్రం అసలు పని అప్పుడే మొదలైంది. వాగు అవతల రాళ్లగుట్టలో కాపురముంటున్న కూతురు ముత్యాలుకి పిల్లలు పుట్టారు. అక్కడ పువ్వన్నది లేదు. అమ్మమ్మ తోటలో పూసేవి తమ గుమ్మంలోనూ పూయాలని, లిల్లీ దుంపలు పంపమని ముత్యాలు కబురు పెట్టింది. వానలకు ముందు, ఏడాదికి ఒక్కసారి అటు వెళ్లే కాకి చేతనే పంపాలి.

దూరపు పొలాల్లో పనికి పోతూ ఎద్దు ఒక మాట చెప్పి వెళ్లింది. ఎండిన పూకాడలు మాత్రం కొయ్యమంది, ఆకుల జోలికి పోవద్దంది. పెద్దయ్య మాట కదా అని ఉడుత తలూపిందే గాని, ఎందుకని అడగలేదు.

ఆనాటి నుంచి ఉడుతకి ఒకటే బెంగ. దుంప ఊరిందో లేదోనని రోజుకు నాలుగుసార్లు మట్టి గోకి చూసి, మళ్లీ కప్పేది. కంచె అవతల నిలబడి నిగనిగలాడే ఆకుల్నే చూస్తున్న మేకపోతు ఇదీ గమనించింది.

"దుంప ఎలా ఊరుతుందక్కా, పైన ఆకులన్నీ దాన్ని పీల్చుకు తింటుంటే?" అంది.

"పెద్దయ్య కొయ్యొద్దన్నాడు తమ్ముడూ."

"ఆయన దున్నేవాడు. పూలు ఎప్పుడైనా పెంచాడా? పువ్వే పోయాక ఆకుకేం పని, కూర్చుని తినడం తప్ప? నాకెందుకులే. రేపు ఈనెపుల్లల్లాంటి దుంపలు వెళితే, అమ్మమ్మకి మనమీద శ్రద్ధ లేదనుకుంటారు నీ మనవలు."

ఆ చివరిమాట ఉడుత గుండెలో గుచ్చుకుంది. రెండు రోజులు తిండి సయించలేదు. మూడోనాడు తనే కంచె తీసి, మేకపోతుని బతిమాలి లోపలికి పిలిచింది. మేకపోతు ఎంతో శ్రమపడుతున్నట్టు ముఖం పెట్టి, నాలుగు మళ్లూ నేలమట్టానికి మేసి, తేన్చుకుంటూ వెళ్లిపోయింది. పైగా ఉడుత దానికి దణ్ణం పెట్టింది.

నెల తిరిగాక ఎద్దూ కాకీ ఒకే రోజున వచ్చాయి. ఉడుత ఆశగా తవ్వింది. వెల్లుల్లిపాయంత ఉండాల్సిన దుంపలు రెబ్బంతైనా లేవు. చాలావరకు పట్టుకోగానే పొట్టుగా రాలిపోయాయి.

ఆకులేమయ్యాయని ఎద్దు అడిగింది. ఉడుత జరిగింది చెప్పింది. ఎద్దు రాలిన పొట్టును మూతితో కదిపి చూసింది.

"పువ్వు పోయాకే తల్లీ, ఆకు దుంపకి అన్నం పెట్టేది. ఉన్న సత్తువంతా కిందికి దింపి, అప్పుడు ఎండిపోతుంది. ఎందుకో నేనైనా ఆనాడే చెప్పాల్సింది."

"బాగా చూసుకుందామనే కదా పెద్దయ్యా చేశాను."



కాకి మబ్బుకేసి చూసి, ఇక ఆగలేనంది. ముత్యాలుకి ఏం చెప్పమంటావని అడిగింది. ఈ ఏడు దుంపలు ఊరలేదని చెప్పమంది ఉడుత. కాకి రెక్క విప్పేలోగా మళ్లీ ఆపింది.

"అలా వద్దులే. అమ్మే ఆకులు కోయించి పాడుచేసిందని చెప్పు. ఎప్పుడైనా ముత్యాలు నాటుకుంటే, అదైనా కొయ్యకుండా ఉంటుంది."

కాకి ఉత్త ముక్కుతో వాగు దాటింది.

నీతి: పూలు వాడాక కూడా ఆకు ఎవరి కోసం కష్టపడుతోందో తెలుసుకోకుండా దాన్ని కొయ్యకూడదు.